ఆరుబయట పెరిగిన వాద్యం నాదస్వరం

సూటిగా చెప్పకుండా ఎవరైనా మాటను సాగదీసి, ఎత్తిపొడుపును మధ్యలో పొదిగి మాట్లాడితే ‘సన్నాయి నొక్కులు నొక్కుతున్నాడు’ అనడం తెలుగువారికి అలవాటు. ఆ మాట వెటకారంగానే వాడుకలో స్థిరపడింది కానీ, దాని వెనక ఉన్న పరిశీలన మాత్రం చాలా నిశితమైనది. సన్నాయి ఒక స్వరం మీదినుంచి మరో స్వరం మీదికి గెంతదు. స్వరాన్ని పట్టుకొని నొక్కి, కిందికి వంచి, పైకి లేపి, పక్క స్వరాన్ని తాకించి వదులుతుంది. కర్ణాటక సంగీత శాస్త్రం గమకం అనే మాటతో చెప్పేదాన్నే పల్లె జనం ‘నొక్కు’ అన్నారు. శాస్త్రం చదవని చెవులు కూడా ఒక వాద్యపు అసలు లక్షణాన్ని గుర్తుపట్టి, దానికి పేరు పెట్టి, నిత్యవ్యవహారంలోకి తెచ్చుకున్నాయంటే ఆ వాద్యం వారి బతుకులో ఎంత దగ్గరగా మోగేదో ఊహించవచ్చు.

పేరు విషయంలో కొంత గందరగోళం ఉంది. తెలుగునాట పెళ్లిళ్లలో, గుళ్లలో వినిపించే వాద్యాన్ని చాలామంది సన్నాయి అంటారు, డోలుతో కలిపి ‘డోలు సన్నాయి’ అంటారు. ఆ మాట ఉత్తరాది షెహనాయికి చుట్టమే అయినా, మన మండపాల్లో మోగేది షెహనాయి కాదు. అంతకంటే పొడవైన, గంభీరమైన నాదస్వరం అది. తమిళనాట దాన్ని నాయనం అని కూడా పిలుస్తారు. అక్కడి సంగీత చరిత్రకారుల్లో పలువురు ‘నాగస్వరం’ అన్నదే పాత పేరని వాదిస్తారు. తెలుగులో నాగస్వరం అనగానే పాములవాడి బూర గుర్తుకు రావడం వల్ల కాబోలు, ఇక్కడ నాదస్వరం అన్న పేరే సులువుగా నిలబడింది.

ఈ వాద్యాన్ని అర్థం చేసుకోవాలంటే అది ఎక్కడ మోగడానికి తయారైందో ముందు గుర్తుంచుకోవాలి. వీణ ఇంటి గదిలో పెరిగిన వాద్యం. నాదస్వరం మాడవీధుల్లో, గోపురం కింద, ఊరేగింపు ముందు, నడుస్తూ వాయించడానికి పుట్టింది. దాని కర్ర, పీక, రంధ్రాలు, వాయించే బాణీ, దాని కోసమే పుట్టిన రచనలు అన్నీ ఆ ఆరుబయలు అడిగిన పనిని బట్టి రూపుదిద్దుకున్నాయి. తర్వాత కాలంలో ఈ వాద్యం ఎదుర్కొన్న ఇబ్బందులు చాలావరకు దాన్ని ఆ చోటినుంచి కదిలించడం వల్ల వచ్చినవే.

వాద్యపు ప్రధాన భాగమైన గొట్టాన్ని ఉలవు అంటారు. తమిళంలో ఆచ్చా అని పిలిచే చెట్టు చేవను దీనికి వాడతారు. మన రాయలసీమ మెట్ట అడవుల్లో నారేప పేరుతో పెరిగేది ఆ చెట్టే. పచ్చి కర్ర పనికిరాదు. ఏళ్ల తరబడి ఎండి, ఇక వంగడానికీ పగలడానికీ అవకాశం లేని కర్ర కావాలి. అందుకే తంజావూరు జిల్లా నరసింగంపేట పనివారు కూల్చేసిన పాత ఇళ్ల దూలాలను, స్తంభాలను వెతికి కొంటారు. ఒక ఇంటి కప్పును దశాబ్దాల పాటు మోసిన దూలం తర్వాత గుడి వీధిలో రాగమై మోగుతుందన్నమాట. నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది.

గొట్టం లోపలి బోలు పైన సన్నగా మొదలై కిందికి పోనుపోను వెడల్పవుతుంది. అడుగున గంట ఆకారంలో అమర్చే భాగాన్ని అణసు అంటారు. దాన్ని కర్రతోనూ లోహంతోనూ చేస్తారు. లోపలి బోలు ఇలా శంకువులా ఉండడం వల్ల ఊదిన స్వరంతో పాటు దాని అనుస్వరాలన్నీ, అంటే దాని వెంట వచ్చే పై స్వరాలన్నీ, బలంగా పుడతాయి. మనిషి చెవి ఎక్కువ చురుకుగా వినగలిగేది సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య ఉండే ధ్వనిని. నాదస్వరపు పై అనుస్వరాలు చాలావరకు ఆ పరిధిలోనే పడతాయి. జనం గోలను, డోలు చప్పుడును, గుడిగంటలను చీల్చుకొని దాని నాదం రెండు వీధుల అవతలికి కూడా చేరడానికి కారణం ఊదేవాడి బలం ఒక్కటే కాదు, ఈ నిర్మాణం కూడా.

అయితే నాదస్వరానికి ప్రాణం ఉలవులో లేదు, సీవాళిలో ఉంది. సీవాళి అంటే నోట్లో పెట్టుకొని ఊదే చిన్న పీక. కావేరి ఒడ్డున పెరిగే ఒక రకం రెల్లును కోసి, ఎండబెట్టి, నానబెట్టి, మెత్తబరిచి, అదిమి, రెండు పలకలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా చేసి, కెండై అనే చిన్న లోహపు గొట్టానికి దారంతో బిగించి కడతారు. ఊదినప్పుడు ఆ రెండు పలకలు కొట్టుకోవడమే నాదానికి మూలం. బొటనవేలి గోరంత వెడల్పు ఉండే ఈ పీక ఎండిపోతే పలకదు, ఎక్కువ తడిసినా పలకదు. చలికాలపు తెల్లవారుజామున బిగుసుకున్నట్టు ఉండే పీకే ఎండలో ఊరేగింపు సాగేసరికి వదులవుతుంది. అందుకే నాదస్వర విద్వాంసుడి వాద్యానికి దారాలతో నాలుగైదు సీవాళులు, వాటి నోరు సవరించడానికి ఒక సన్నని సూది వేలాడుతూ కనిపిస్తాయి. దూరం నుంచి చూసేవారు వాటిని అలంకారం అనుకుంటారు. వాయించేవాడు మాత్రం కచేరీ మధ్యలో ఒక పీకను తీసి, ఇంకొకటి నోట్లో పెట్టుకొని, ఉమ్మితో తడిపి, పెదవులతో ఒకసారి నొక్కి చూసి, చెవితోనే నిర్ణయించుకుంటాడు. ఆ అర నిమిషంలో జరిగే ఎంపిక మీద తర్వాతి గంట ఆధారపడి ఉంటుంది.

గొట్టం మీద వేళ్లతో మూసి తెరిచే రంధ్రాలు 7. వాటికి దిగువన మరికొన్ని రంధ్రాలు ఉంటాయి. వాటిని వేళ్లతో తాకరు, శ్రుతి సరిచూసుకోవడానికి మైనంతో పూర్తిగానో కొంతగానో మూస్తారు. ఏడు రంధ్రాలతో పన్నెండు స్వరస్థానాలనూ, వాటి మధ్య సంచరించే గమకాలనూ ఎలా పలికిస్తారన్న ప్రశ్నకు జవాబు వేళ్లలో సగమే దొరుకుతుంది. మిగతా సగం పెదవుల్లోనూ ఊపిరిలోనూ ఉంది. వేలు కదలకుండానే, గాలి ఒత్తిడి పెంచి తగ్గించి, సీవాళిని పెదవుల మధ్య బిగించి వదిలి, ఒకే పట్టులో పక్కపక్క స్వరస్థానాలను పలికిస్తారు. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలిచి ఉండే స్వరం కాదు, ఊగుతూ ఉండేది. ఆ ఊపును మెట్లున్న వాద్యం మీద తీగను లాగి తేవాలి. నాదస్వరం మీద ఊపిరితోనే తెస్తారు. సన్నాయి నొక్కు అని జనం అన్నది అక్షరాలా నిజమే, అది పెదవి నొక్కే నొక్కు.

దీనికి తోడు నాలుకతో చేసే పని ఉంది. ‘తు’, ‘తుత్తు’ అన్నట్టుగా నాలుకను తాకించి గాలిని తెంపే ఆ పద్ధతిని తుత్తుకారం అంటారు. స్వరాలు ముత్యాల్లా విడివిడిగా రాలాలంటే తుత్తుకారం కావాలి. గాలిని తెంపకుండా, అకారంతో పాడినట్టు రాగాన్ని సాగదీయాలంటే వేళ్లు, ఊపిరి చాలు. ఈ రెండింటి పాళ్లను బట్టే ఒక్కో విద్వాంసుడి బాణీ ఏర్పడుతుంది. సాధన విషయానికొస్తే, గురువు ఇంట ఏళ్ల తరబడి తెల్లవారకముందే లేచి ఊదడం తప్ప దగ్గరి దారి లేదు. ఊపిరిని బలపరచడం ఒక ఎత్తు, బలమైన ఆ ఊపిరిని అదుపులో పెట్టుకోవడం మరో ఎత్తు.

ఈ వాద్యం ఒంటరిగా మోగదు. సంప్రదాయ మేళంలో నాదస్వరాలు, డోళ్లు, తాళం, ఒత్తు ఉంటాయి. తమిళంలో తవిల్ అనే డోలు కాయను పనస కర్రతో తొలుస్తారు. ఒకవైపు కర్రపుల్లతోను, రెండో వైపు వేళ్లకు గట్టి తొడుగులు వేసుకొని వాటితోను వాయిస్తారు. ఆ తొడుగులు లేకుంటే అంత బిగువైన చర్మం మీద వేళ్లు నిలవవు. ఒత్తు అంటే స్వర రంధ్రాలు వాడని, నాదస్వరాన్నే పోలిన గొట్టం. దాని పని ఒక్కటే, ఆధార షడ్జాన్ని, అంటే ‘స’ స్వరాన్ని, తెగకుండా పట్టుకోవడం. ఒత్తు పట్టే మనిషి బుగ్గల్లో గాలి నిలుపుకొని, అది బయటికి పోతుండగానే ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ గంటల తరబడి ఊదాలి. పేరు ఎవరికీ తెలియని ఆ మనిషి మీదే మేళమంతా నిలబడేది. 20వ శతాబ్దంలో శ్రుతిపెట్టె వచ్చి ఒత్తును దాదాపు తొలగించింది. సౌకర్యం పెరిగింది నిజమే కానీ, వాద్యం తన జాతి నాదాన్నే శ్రుతిగా వినే అవకాశాన్ని పోగొట్టుకుంది.

వీధి ఈ వాద్యానికి ఇచ్చిన సంగీతాన్ని చూడాలంటే మల్లారి దగ్గర మొదలుపెట్టాలి. ఉత్సవమూర్తి గుడి నుంచి బయలుదేరేటప్పుడు వాయించే రచన ఇది. గంభీరనాట రాగంలో సాగుతుంది, సాహిత్యం ఉండదు. ముందు డోలు మోగి తాళాన్ని నిలబెడుతుంది, ఆపైన నాదస్వరం మల్లారిని అందుకొని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, నడిపిస్తుంది. పల్లకి మోసేవారి అడుగుకు, మల్లారి నడకకు సంబంధం ఉంటుంది. స్వామి బయలుదేరారన్న సంగతి ఇళ్లలో ఉన్నవారికి ఆ నాదం వల్లే తెలిసేది. తీర్థం తెచ్చేటప్పుడు ఒక మల్లారి, నైవేద్యానికి ఒకటి, రథానికి మరొకటి ఉండడం చూస్తే, కొలువులో జరిగే ప్రతి పనినీ నాదంతో గుర్తుపట్టే ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉండేదో అర్థమవుతుంది. తెల్లవారుజామున భూపాలం, బౌళి. రాత్రి పవళింపు వేళ నీలాంబరి. ఊయల సేవకు ఆనందభైరవి. గడియారం లేని కాలంలో ఊరికి పొద్దు చెప్పింది ఈ రాగాలే.

మల్లారి అయ్యాక వీధిలో అసలు కచేరీ మొదలయ్యేది. స్వామి ఒక్కో మలుపు దగ్గర ఆగుతూ ముందుకు సాగుతుంటే, విద్వాంసుడు ఒకే రాగాన్ని గంటల తరబడి ఆలపించేవాడు. పాట లేదు, మాట లేదు, రాగం ఒక్కటే. సభలో కూర్చున్న శ్రోతకు గంటకో రకం కావాలి, టిక్కెట్టు కొన్నందుకు తృప్తి కావాలి. ఊరేగింపు వెంట నడిచే శ్రోతకు ఆ తొందర లేదు. రాత్రంతా ఉంది, వీధంతా ఉంది. ఈ నిదానంలోనే నాదస్వరం రాగాలాపనను విస్తరించింది, రక్తి వంటి సొంత పద్ధతులను పెంచుకుంది. గాత్ర విద్వాంసులు దాన్ని విని నేర్చుకున్నారు. గుడలూర్ నారాయణస్వామి బాలసుబ్రహ్మణ్యం, అంటే జి.ఎన్.బి., గాత్రంలో చూపిన మెరుపు వేగపు సంగతుల, అంటే స్వరాల అల్లికల, వెనక రాజరత్నం పిళ్లె నాదస్వరం ప్రభావం ఉందన్నది సంగీత లోకంలో అందరూ ఒప్పుకునే మాట. గాత్రాన్ని వాద్యం అనుకరించాలన్నది సాధారణ సూత్రం. ఇక్కడ మాత్రం గాత్రమే వాద్యం వెంట నడిచింది.

తిరువావడుదురై రాజరత్నం పిళ్లె (1898–1956) దగ్గర ఈ వాద్య చరిత్ర మలుపు తిరిగింది. అంతవరకు వాడుకలో ఉన్నది తిమిరి అనే పొట్టి నాదస్వరం. దాని శ్రుతి ఎక్కువ, గొంతు తీక్షణం, వీధికి సరిగ్గా సరిపోతుంది. రాజరత్నం పొడవైన బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చారు. సుమారు 2½ అడుగులకు పైన పొడవు, తక్కువ శ్రుతి, నిండైన నాదం. మైకు వచ్చాక గాలిని చీల్చుకొని పోవలసిన అవసరం తగ్గింది, సభలో దగ్గరగా కూర్చున్న చెవికి మెత్తదనం కావలసి వచ్చింది. పాత వాద్యాలపై శుద్ధమధ్యమం అనే ‘మ’ స్వరం స్వచ్ఛంగా పలికేది కాదు, ఊపిరి తగ్గించి సర్దుకోవలసి వచ్చేది. వీధిలో అది పెద్ద లోపంగా తోచదు, సభలో వెంటనే దొరికిపోతుంది. నరసింగంపేటకు చెందిన రంగనాథన్ ఆచారి రంధ్రాల అమరికను, కొలతలను మార్చి ఆ చిక్కును తీర్చి, రాజరత్నం కోసం వాద్యం చేసి ఇచ్చారు. ఇంత పెద్ద వాద్యకారుడి పేరు పక్కన ఆ పనివాడి పేరు కూడా చెప్పుకోవడం న్యాయం.

రాజరత్నం పోరాటం శ్రుతి గురించి మాత్రమే కాదు. నాదస్వర విద్వాంసులు పెద్దల ఎదుట ఉత్తరీయం నడుముకు చుట్టుకొని, నిలబడి వాయించాలన్న ఆచారం ఉండేది. గాత్ర విద్వాంసుడు వేదిక మీద కూర్చుంటే మేళగాడు వాకిట్లో నిలబడేవాడు. రాజరత్నం పిలక తీసేసి క్రాపు పెట్టుకున్నారు, కోటు తొడుక్కున్నారు, గాత్ర విద్వాంసులతో సమానమైన వేదిక కావాలని పట్టుబట్టి సాధించారు. గుడికి ఈ వాద్యం లేనిదే పొద్దు గడవకపోయినా, వాయించే కులాలకు గౌరవం దక్కలేదన్న చేదు నిజాన్ని పక్కనపెట్టి దీన్ని ‘మంగళవాద్యం’ అని పొగడడం అర్ధసత్యమే అవుతుంది.

తెలుగునాట ఈ విద్యను ప్రధానంగా మోసింది నాయీబ్రాహ్మణ కుటుంబాలు, వారితో పాటు నూర్‌బాషా, అంటే దూదేకుల, ముస్లిం కుటుంబాలు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో, ముఖ్యంగా చిలకలూరిపేట చుట్టుపక్కల, రాములవారి కల్యాణానికి, వేంకటేశ్వరుడి ఊరేగింపుకు తరతరాలుగా వాయించినవారు షేక్ ఇంటిపేరుగల విద్వాంసులే. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఈ పరంపరకు శిఖరం. అప్పటికే పేరున్న విద్వాంసుడై ఉండి కూడా, తంజావూరు బాణీ మీద మనసుపడి నాచ్చియార్‌కోవిల్ సోదరుల వద్ద శిష్యుడిగా చేరి, ఆ బాణీని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, శారదా నాదస్వర సంగీతాశ్రమం పెట్టి శిష్యులను తయారుచేశారు. తెలుగువాడు తమిళనాట కావేరి ఒడ్డున కూర్చొని తమిళ పిల్లలకు తంజావూరు బాణీ నేర్పడం ఈ కళ చరిత్రలో అపురూపమైన సంగతి. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఆయనకు దక్కాయి. నాదస్వర విద్వాంసుల్లో ఆ రెండో గౌరవం పొందినవారు అతి కొద్దిమందే. 1999లో ఆయన కన్నుమూశారు.

ప్రకాశం జిల్లా నుంచే వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. దీర్ఘకాలం మగవారి ఊపిరికే సాధ్యమని చెప్పుకున్న వాద్యాన్ని భర్త పక్కన సమానంగా కూర్చొని వాయించిన కాలీషాబీ ఆ మాటను తుడిచిపెట్టారు. ఉమ్మడి కృష్ణా జిల్లా గోసవీడుకు చెందిన షేక్ హసన్ సాహెబ్‌కు 2022లో మరణానంతరం అదే పురస్కారం వచ్చింది. సంగీతంతో పరిచయం లేని తెలుగు చెవికి నాదస్వరాన్ని దగ్గర చేసింది మాత్రం సినిమా. 1962లో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడుతూ ఎస్. జానకి పాడిన పాట తెలుగులో కూడా వచ్చి, ఇన్నేళ్లయినా పోటీల్లో పిల్లలు పాడుతూనే ఉన్నారు. ఆడగొంతుకు, నాదస్వరానికి మధ్య ఎంత చుట్టరికం ఉందో ఆ పాట చూపించింది.

ఇన్ని గౌరవాల మధ్య కూడా వాద్యం రోజువారీ బతుకు చిక్కిపోతోంది. పెద్ద దేవస్థానాల్లో ఆస్థాన మేళాలు ఉన్నాయి, తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో నాదస్వర, డోలు పాఠశాలను నడుపుతోంది. చిన్న గుళ్లలో మాత్రం హారతి వేళ స్విచ్చి వేస్తే తనంతట తానే డోలు, గంట కొట్టే విద్యుత్ యంత్రం మేళాన్ని తప్పించింది. ఆ యంత్రం ప్రతి హారతికీ ఒకే దెబ్బ కొడుతుంది. పొద్దుటి రాగం, రాత్రి రాగం అన్న తేడా దానికి లేదు. మేళానికి జీతం ఇవ్వలేని గుడి పరిస్థితి అర్థం చేసుకోదగినదే అయినా, శబ్దం ఉంటే చాలు సంగీతం ఉన్నట్టే అన్న అపోహను ఆ యంత్రం బాగా పెంచింది.

ఇక మిగిలింది పెళ్లి. అక్కడ కూడా వాద్యపు పని చాలావరకు గట్టిమేళానికి కుదించుకుపోయింది. మంగళసూత్రం కట్టే క్షణంలో తుమ్ము, అశుభమైన మాట ఏదీ చెవిన పడకుండా మేళమంతా ఒక్కసారిగా హోరెత్తాలన్నది దాని ఉద్దేశం. పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అనగానే విద్వాంసుడు ఏ రాగంలో, ఏ సంగతిలో ఉన్నా తెంపి అందుకోవాలి. అందుకే పెళ్లిలో వాయించేవారి కళ్లు వాద్యం మీద ఉండవు, పురోహితుడి చేతి మీద ఉంటాయి. అది కూడా ఒక నేర్పే. అయితే ఆ నిమిషానికి ముందూ వెనకా గంటల సేపు వాయించేదే అసలు సంగీతం. గౌరీపూజ వేళ, ఎదురుకోలు వేళ, జీలకర్ర బెల్లం పెట్టేలోపు, తలంబ్రాల తర్వాత ఏ రాగం, ఏ కీర్తన వాయించాలో అనుభవజ్ఞుడైన విద్వాంసుడికి తెలుసు. కురంజిలో సీతాకల్యాణం వాయించే చోటు వేరు, లాలిపాటల చోటు వేరు. ఇప్పుడు ఆ వేళల్లో ఫొటోల కోసం కేకలు, పెద్ద స్పీకర్లలో సినిమా పాటలు. మేళానికి వినిపించే అవకాశం తలంబ్రాల సందడి సద్దుమణిగాక వస్తుంది. అప్పుడు విద్వాంసుడు పాత సీవాళిని తీసి దారానికి వదిలేసి, మెత్తనిదాన్ని నోట్లో పెట్టుకొని తడిపి, ఎవరూ అడగకుండానే కల్యాణి అందుకుంటాడు. తొందరలేని ఆ ఊపిరిలో నొక్కులన్నీ వరసగా వినిపిస్తాయి. అప్పటికి ముందు వరస కుర్చీలు ఖాళీ అయి, అందరూ భోజనాల పందిట్లో ఉంటారు.